బాతులు పడకగదిలో, బావ పాకలో

అక్కకు నమస్కారాలు.

మొన్న తనిఖీకి వచ్చి నీ పాక చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బాతులూ పందులూ ఒకే పాకలోనా? బాతుకి ఫ్లూ ఉన్నా పైకి తెలీదు. పందికేమో బాతుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ అంటుకుంటాయి. రెండు వైరస్‌లూ ఒకే పందిలో చేరితే తమ జన్యువుల ముక్కలు మార్చుకుని కొత్త రకం పుట్టిస్తాయి. దాన్ని తట్టుకునే శక్తి ఎవరి ఒంట్లోనూ ఉండదు. ప్రపంచమంతా మంచమెక్కుతుంది. వెంటనే వేరుచెయ్యి.

నీ తమ్ముడు, పశువుల డాక్టరు.

తా.క. ముక్కు తుడిచీ తుడిచీ నా తువ్వాలు మీ తడిక మీదే మర్చిపోయాను. ఒళ్ళు కాలిపోతున్నా మా ఆఫీసరు సెలవివ్వలేదు. పశువుల ఆఫీసు కదా, మనుషుల జ్వరం ఎవడికి పట్టింది!

*

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాన్రా. బాతులన్నిటినీ మా పడకగదిలోకి మార్చాను. పెద్ద మగబాతు మీ బావ దిండెక్కింది. ఆయన అలిగారు. అలిగితే అలగనీ, ప్రపంచం ముఖ్యం కదా! నా చూలు పంది మహారాణికి ఈనే రోజులు దగ్గరపడ్డాయి. ఈ ఏడు మా బతుకంతా దాని పిల్లల మీదే ఉంది.

ఇట్లు, అక్క.

తా.క. తువ్వాలు భద్రం. నువ్వు వెళ్ళగానే దాంతోనే మహారాణి మూతి తుడిచాను. ఉతికి పంపుతాలే.

*

అక్కా, నా తల్లీ!

బాతుల్ని పందుల దగ్గర పెట్టొద్దంటే మంచమెక్కించమని కాదే! మనుషులకీ దూరంగా ఉంచు. ఈ ఫ్లూ వైరస్ తనకు తానే నకళ్ళు రాసుకుంటూ తప్పులు చేస్తుంది, దిద్దుకోదు. ఆ తప్పులతోనే ఏటా వేషం మారుస్తుంది.

కంగారుతో, తమ్ముడు.

తా.క. మహారాణి దగ్గితే దాచకు. నీకు నేనున్నాను.

*

తమ్ముడికి,

బాతుల్ని దొడ్డి చివరికి పంపేశాను. మరి మీ బావ బాతుల పక్కన పడుకున్న మనిషాయె! నా దగ్గరికి రానివ్వకుండా పందుల పాకలో పడుకోబెట్టాను. మహారాణి మేత ముట్టడం లేదు, దగ్గుతోంది. నువ్వున్నావనే చెబుతున్నాను. మందు పంపు నాయనా.

ఇట్లు, అక్క.

తా.క. ఆయన గురకపెడతారు, అది దగ్గుతుంది. ముందు ఎవరికి పట్టించాలి మందు?

*

అక్కకు,

ఏ మొహం పెట్టుకుని రాయను? కొత్త రకమేమోనని ఆఫీసరు హడలిపోయాడు, నేనూ హడలిపోయాను. బాతుల్నీ పందుల్నీ చంపి పాతిపెట్టమన్న ఉత్తర్వు మీద సంతకం నాదే. రేపు మనుషులొస్తారు. ముందు వాటి ముక్కుల్లోంచి నమూనాలు తీసి పరీక్షకు పంపుతారు, కానీ ఫలితం వచ్చేదాకా ఆగరు.

నీ తమ్ముడు.

తా.క. బావని ముందే బయటికి తీసుకురా. ఉత్తర్వులో "పాకలో ఉన్న ప్రతి ప్రాణినీ" అని ఉంది.

*

తమ్ముడికి,

పాక ఖాళీ అయిపోయింది. వాళ్ళు ఎంత తోలినా మహారాణి కదల్లేదు. నేను పిలిస్తే మేత పెడతాననుకుని గోతిదాకా నడిచొచ్చిందిరా. కడుపులో పిల్లలు కదులుతూనే ఉన్నాయి.

పరీక్ష ఫలితం ఇవాళ తెలిసింది. బాతులకి ఏమీ లేదట. మహారాణిది ఏటా మనుషులకొచ్చే మామూలు ఫ్లూయేనట. ఊరుకుంటే దానంతటదే తగ్గిపోయేదట. ఎవరో మనిషి నుంచే అంటిందన్నారు. మా ఇంట్లో ఎవరికీ జలుబైనా లేదు. ఆ మహానుభావుడెవరో కనుక్కుని చెప్పు. నా నోట్లో ఉన్న తిట్లన్నీ వాడికే దాచిపెట్టాను.

ఇట్లు, అక్క.

తా.క. నీ తువ్వాలు ఉతికి ఆరేశాను. ఈ ఉత్తరంతో పాటు పంపుదామని మడతపెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు నీకు జ్వరం కదూ, తమ్ముడూ?