పైడమ్మ పళ్ళెం

డిసెంబర్ 20, 1981. ఆదివారం, రాత్రి.

జనవరిలో పాప నర్సింగు ఫీజు కట్టాలి కాబట్టి ఈ క్రిస్మస్‌కి పిండివంటలు వద్దనుకున్నాం. కొత్త బట్టలూ లేవు. దానికి నాకు బాధ లేదు. ఇబ్బందల్లా పక్కింటి పైడమ్మ పళ్ళెంతోనే వచ్చింది. దీపావళికి బూరెలు పెట్టి పంపిన పళ్ళెం అది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఏటా క్రిస్మస్‌కి అరిసెలు పెట్టి ఇస్తాను.

ఈ సాయంత్రం చర్చి నుంచి రాగానే దాంట్లో గుప్పెడు పంచదార పోసి పట్టుకెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి పళ్ళెం వైపు చూసింది.

"ఏటొదినా, పండగ రాకుండానే తెచ్చీసినావు?"

"ఈ ఏడు వంటలు సెయ్యట్నేదు పైడమ్మా. పాప ఫీజుంది."

"అయితే ఏటి? పండగనాడే తే. వంటల్నేకపోతే వట్టి పళ్ళెమే తే."

పంచదారతో సహా నా చేతిలోనే పెట్టేసింది. కోపమొచ్చిందో ఏమో తెలియలేదు.

పళ్ళెం మళ్ళీ మా గూట్లోనే ఉంది. నాకు నిద్ర రావడం లేదు. దీపావళికి అందులో నాలుగంటే నాలుగు బూరెలు వచ్చాయి. అంత పళ్ళెంలో నాలుగేనా అని ఆయనా నేనూ నవ్వుకున్నాం. ఆ నెలంతా పైడమ్మ భర్త పనిచేసే బోటు వేటకి వెళ్ళకుండా ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసే ఉంది. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసే నవ్వాం.

పొద్దున్నే కాసిని బియ్యం నానబెట్టాలి. నాలుగు అరిసెలకి ఎంత నూనె కావాలి కనక.