రెండున్నర ఆపరేషన్లు

మహారాజశ్రీ మావయ్యగారికి, మీ మేనకోడలు నమస్కరించి, కాస్త కాలరెగరేసి రాయునది.

మీ స్నేహితుడైన సర్జన్‌గారిని కాదన్నామని మీరు అలిగి నెలైంది. జరిగింది వినండి. అమ్మ కడుపులో ఉన్నది లక్షల్లో ఒకరికి వచ్చే క్యాన్సర్ గడ్డ. ఆయనేమో "పొట్టలో నాకు తెలియని సందు లేదమ్మా" అన్నారు. అమ్మ అసలే టైలరు, కొత్తరకం గుడ్డని ఎవరి కత్తెరకీ ఊరికే ఇవ్వదు. "ఇలాంటివి ఎన్ని చేశారు డాక్టరుగారూ?" అని అడిగింది. ఆయన ఫ్యాను వైపు చూసి, "రెండున్నర" అన్నారు. ఆ అర ఏమిటంటే, తెరిచి చూసి మూసేశారట! అమ్మ దణ్ణం పెట్టి చెప్పులేసుకుంది.

తర్వాత వెళ్లిన రెండో ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్లు చేసేదే ఇలాంటి గడ్డలకి. అదే ప్రశ్నకి, "నూట నలభై. అందులో పదకొండు మందిని దక్కించుకోలేకపోయాను" అంది.

"పోయినవాళ్లని కూడా గుర్తుపెట్టుకుంది. ఈవిడే" అని అమ్మ అక్కడే తేల్చేసింది.

ఆపరేషన్‌కి తొమ్మిది గంటలు పట్టింది. ఇవాళ రిపోర్టొచ్చింది. గడ్డ మొత్తం వచ్చేసింది, కోసిన అంచుల్లో ఒక్క క్యాన్సర్ కణం కూడా లేదు! నేను వార్డులో ఈల వేస్తే నర్సమ్మ బయటికి గెంటింది. అందుకని ఈ ఉత్తరం మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

అమ్మ మాత్రం లోపల గోడ పట్టుకుని నడుస్తూ, "వాడి అలక తీరకపోయినా సరే రమ్మను. గోడ వదిలేసేటప్పుడు నా తమ్ముడు చూడాలి" అంటోంది.