కింది ఆర్మ్‌కి పాత నట్టు

అన్నయ్యా, కారు కదిలించకు. తాళం నా దగ్గరే ఉంది, వెతకొద్దు. నేను బడికి మోంజే బస్సులో పోతున్నాను.

ముందు కుడి చక్రం వెనక, దాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కి మళ్లీ ఆ పాత నట్టే బిగించావు. లుసాకా నుంచి నేను తెచ్చిన కొత్త నట్లూ బోల్టులూ కిటికీలో పొట్లం విప్పకుండానే పడున్నాయి. "పాతదీ ఇనుమే, కొత్తదీ ఇనుమే, ఎందుకే నీకింత హడావిడి?" అన్నావు శనివారం. ఒకసారి విప్పితే నట్టు లోపలి ప్లాస్టిక్ రింగు పట్టు వదిలేస్తుందని పదేళ్లుగా బళ్లు బాగుచేస్తున్న నీకు నేను చెప్పాలా? అన్నీ మార్చమని కూడా అనలేదు. చక్రం నట్లు బాగానే ఉన్నాయి, అవి వాడుకో.

నిన్న అమ్మని క్లినిక్ నుంచి తెస్తుంటే మగోయే వంతెన మీద స్టీరింగు ఒక్కసారిగా పక్కకి లాగేసింది. దిగి చూస్తే నట్టు చివరి మర మీద వేలాడుతోంది. వేళ్లతోనే తిరిగింది. అమ్మ మాత్రం కులాసాగా కూర్చుని, "మా హమూంగా బిగించిన బండి కదే, ఏమవుతుంది?" అంది. ఎలాగో బిగించి నడక వేగంతో ఇంటికి తెచ్చాను.

ఇవాళే రెండు వైపులా కొత్తవి వెయ్యి. జాకీ దించి బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు.

చిక్కుడు గింజల కూర పొయ్యి మీద ఉంది. మొక్కజొన్న పిండితో నషీమా ముద్ద నువ్వే వండుకో.

లుయాండో

మర్చిపోయాను, బండి లాగింది రోడ్డు గుంత వల్లే అని అమ్మకి అబద్ధం చెప్పాను. నేనొచ్చేలోపు నిజం నువ్వే చెప్పు.