ఇంటికొచ్చే అన్నం

ఇతిశ్రీ అమ్మకు,

ఒడిశా, కేంద్రాపడా దగ్గరి ముసలివాళ్ల భోజనశాల నుంచి ఆశీస్సులు.

మీ సంస్థ చేస్తున్న సాయం ఎలా ఉందో దాచకుండా రాయమన్నారు. మా వైపు అన్నం పెట్టిన చేతికి వంక పెట్టకూడదు. అందుకే మీరు వచ్చినప్పుడల్లా శంఖం ఊది స్వాగతం పలికి, "అంతా బాగుంది" అన్నాం. మా మేనమామ అత్తవారింట తొలిరోజు ఉప్పులేని చద్దన్నం తిని అలాగే మెచ్చుకున్నాడు. పాపం, బతికినంతకాలం అదే వడ్డించారు. సరే, ఆయన సంగతి వదిలేయండి.

మేం ఎండలో నడవలేమని జాలిపడి ఈ ఏడు మీరు భోజనం క్యారియర్లలో ఇళ్లకే పంపిస్తున్నారు. వేడిగానే వస్తోంది. కానీ ఇదివరకు అందరం ఒకే వరుసలో కూర్చునేవాళ్లం. "ఏరా నకుళా, పప్పులో ఈత కొడుతున్నావా?" అని సులోచన పిన్ని అంటే, "పళ్లన్నీ ఊడినా నీ నాలుక ఊడలేదే!" అనేవాడు నకుళుడు.

నిన్న పిన్ని గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే నన్ను పిలిచింది.

"కూర్చోరా. నేను తింటాను. నువ్వు ఊరికే ఓ మాట తిట్టు."

పిన్ని తినేదాకా పక్కన కూర్చుని, ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఈ ఉత్తరం వద్దని మా భోజనశాల కార్యదర్శి బతిమాలాడు. "నిజం రాస్తే సాయం ఆపేస్తారు తాతా, ఉన్న అన్నమూ పోతుంది" అన్నాడు. అయినా రాస్తున్నాను.

కోపం వస్తే కూర తగ్గించండి, అమ్మా. మమ్మల్ని మాత్రం మళ్లీ ఒకచోట కూర్చోబెట్టండి. నడవలేనివాళ్లను చేయి పట్టుకుని మేమే తీసుకొస్తాం. ఎండను ఎలాగో ఓర్చుకుంటాం. ఒక్కళ్లమే గోడకేసి చూస్తూ మింగడం మాత్రం మాకు చేతకావడం లేదు.

మీ అన్నం తింటున్న ఒక ముసలివాడు