కార్డులో పట్టని పాదం

అన్నకు బీరయ్య దండాలు. నేను క్షేమమే, పరేషాన్ అంతా నా పాదాలతోనే.

కంపెనీ పరుగుపందెంలో గెలిస్తే నౌకరీ పర్మనెంట్ చేస్తారట, కానీ బూట్లు లేనిదే ఉరకనివ్వరట. పటాన్‌చెరులో దుకాణాలన్నీ తిరిగాను. ఏ బూటులోనూ నా వెడల్పు పాదం పట్టదు. ఒక సేటు "జెర ఏళ్లు ముడుసుకో తమ్మీ, అదే సాగుతది" అన్నాడు. వేళ్లు ముడుచుకుని ఎవడైనా ఉరుకుతాడా?

మన ఊళ్లో చెప్పులు కుట్టే పోశయ్యతో, ముందు వెడల్పుగా, సోలు పలుచగా ఒక జత బూట్లు కుట్టించి పంపు. కొలత గీద్దామని నీకు రాస్తున్న ఈ పోస్టుకార్డునే కళ్లకద్దుకుని దాని మీద కాలు పెట్టాను. వేళ్లూ మడమా బయటే ఉన్నాయి. పోయిన ఎండాకాలం బోరు దగ్గర పచ్చి సిమెంటు తొక్కానని తిట్టావు కదా, ఆ అచ్చు చూసి కొలవమను.

బర్రె ఈనిందా? అమ్మను అడిగానని చెప్పు. ఆ అచ్చు పూడుస్తానన్నావు, ఇప్పుడే పూడ్చకు.