అచ్చాయమ్మ లౌజుకి సాక్ష్యం

మలికిపురం,
ఆదివారం

తమ్ముడు త్రిమూర్తులుకి,

నువ్వు దొంగవి. కుశల ప్రశ్నలు తర్వాత. దొంగతనమంటే గోడ దూకడం ఒక్కటే కాదు. వదిన ఇచ్చిన కాఫీ తాగుతూ వదిన పేరు నీ సొత్తని రాసుకోవడం కూడా.

పెద్దన్నయ్య పోయాక వదిన కొబ్బరి లౌజు చేసి, అమ్మి, ఆ డబ్బుతోనే కూతుర్ని చదివించింది, నీకూ అన్నం పెట్టింది. ఈ చుట్టుపక్కల ఎవరు కువైట్ వెళ్లినా పెట్టెలో అచ్చాయమ్మగారి లౌజు ఉండాల్సిందే. వెళ్లేవాడొకడే నాలుగిళ్ల పొట్లాలు మోస్తాడు గనక, మారిపోకుండా పాత చీరముక్కలో కుట్టి పైన తినేవాళ్ల పేరు రాస్తాం. చేసినావిడ పేరు ఎవరూ రాయలేదు. నోట్లో వేసుకుంటే తెలిసిపోయేది.

ఆ లోటే నీకు దారైంది. "అచ్చాయమ్మ లౌజు" ట్రేడ్‌మార్కు అమలాపురంలో నీ మిఠాయి కొట్టుకి కావాలని దరఖాస్తు పెట్టావు. ఎన్నో ఏళ్లుగా నేనే చేసి అమ్ముతున్నానని అఫిడవిట్ ఇచ్చావు. అలాగైతే ఆ పేరు వాడకానికి రుజువు చూపించమంటుంది చట్టం. ఏం చూపించావు? నీ కొట్టు పేరూ పాత తేదీలూ వేసి కొత్త స్టిక్కర్లు అచ్చేయించి, వదిన డబ్బాలకే అంటించి, వదిన చేతికే ఇచ్చి ఫొటో తీశావు.

"మరిది ముచ్చటపడి తీస్తన్నాడనుకున్నానే విజయా," అంది వదిన. "చీర మార్చుకొస్తానుండు బాబూ అంటే, వద్దొదినా, పనిలో ఉన్నట్టుంటేనే బాగుంటాదన్నాడు."

పనిలో ఉన్నట్టు! ఆవిడ పనిలోనే ఉందిరా. లేనిది నువ్వు.

మొన్న సంతలో ఆవిడ డబ్బా మూత తీసిందో లేదో, నీ గుమస్తా పెదబాబు వకీలు నోటీసు పట్టుకొచ్చాడు.

"ఆ పేరు చెప్పి అమ్మకూడదండి."

"మరేం పేరు చెప్పమంటారండీ?"

"అది మాకు తెల్దండి. ఇంకోటేదైనా పెట్టుకోండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేరట. వదిన మూత పెట్టేసి ఇంటికొచ్చేసింది. ఆ రోజునుంచి లౌజు పొయ్యి వెలగలేదు.

పైగా, "ఇంటి మగాడే కదా, పోనీయ్" అని నాకే నచ్చజెప్పింది. ఈ 'పోనీయ్' మీదే లేచాయిరా మీ కొట్లన్నీ! ఆడది చేస్తే వంట, దాని మీద మగాడు బోర్డు కడితే వ్యాపారం. నేను మా మహిళా సంఘం మీటింగుల్లో ఈ మాటే అంటే ముందు వరసలో కూర్చుని తలూపేవాడివి.

ఇప్పుడు విను. కువైట్‌లో నర్సుగా ఉన్న వదిన కూతురు, మన మెర్సీ, అక్కడివాళ్లందర్నీ అడిగి, పొట్లం అందినప్పుడల్లా వాళ్లు వదినకి పంపిన ఫొటోలూ వాయిస్ మెసేజిలూ వాట్సాప్‌లోంచి పోగుచేసింది. "అచ్చాయమ్మగారూ, మీ లౌజు అందిందండీ!" అన్నీ నీ కొట్టు తెరవకముందువే. వాడకానికి అంతకంటే రుజువేం కావాలి? ఆ గొంతులు వదినకి వినిపించాను. మళ్లీ పెట్టమని రెండోసారి వింది. తర్వాత కళ్లద్దాలు తెచ్చుకుని, "ఆయ్, సంతకం ఎక్కడ పెట్టమంటావే?" అంది.

నీ దరఖాస్తు మీద ఆవిడ అభ్యంతరం సిద్ధంగా ఉంది. అది దాఖలయ్యేలోగా నువ్వు చేయాల్సినవి:

దరఖాస్తు వెనక్కి తీసుకో.

నోటీసు రద్దు చేశానని ఆ సంతలోనే నిలబడి చెప్పు. పెదబాబుని పంపకు.

నీ కొట్లో గోడకి తగిలించుకున్న వదిన ఫొటో తీసెయ్.

నీ అఫిడవిట్ వదిన ఎదుట కూర్చుని, తెలుగులో, గట్టిగా చదువు. "నేనే చేసి అమ్ముతున్నాను" అన్నచోట తలెత్తి ఆవిడ మొహం చూడు.

నీ అక్క,
విజయ