అరువు ఎముకలు

8 ఫిబ్రవరి 1998, రాజమండ్రి
చదువుకునే సెలవులు. కాకినాడ నుంచి ఇంటికి బస్సులో, ఒళ్లో సంచి. సుజాత అక్క ఎముకలు ఇచ్చింది... మెడికల్ కాలేజీలో నాకు ఏడాది సీనియర్. చేతులవీ కాళ్లవీ, నిజం మనిషివి. "వైవా అవగానే తెచ్చెయ్. నీ వెనక క్యూ ఉంది." పక్క సీటావిడ "కందదుంపలాండీ?" అంది. అవునండీ అన్నాను.

9 ఫిబ్రవరి
సంచి మంచం కింద. బామ్మకు చెప్పలేదు.
తొడ ఎముక తల తుంటి గిన్నెలో — రుబ్బురోట్లో పొత్రంలా ఎటైనా తిరుగుతుంది. భుజమూ అదే బాపతు. మోచెయ్యి తలుపు బందు, ఒక్కటే దారి. ముంజేతి రెండెముకల్లో రేడియస్ అల్నా మీదుగా తిరుగుతుంది కాబట్టే అరచెయ్యి బోర్లించగలం. బామ్మ మోకాలు పట్టుకుని ఇది కూడా బందు కీలే అని చెప్పాను. "పేరు పెడితే నొప్పి తగ్గుద్దా?"

11 ఫిబ్రవరి
తుంటి ఎముక కుడిదో ఎడమదో మళ్లీ తప్పాను. సోమవారం వైవా, ఎముక చేతికిచ్చి నోటితో అడిగే పరీక్ష. పోతే బ్యాచ్ వెనక పడ్డట్టే. భయంగా ఉంది.

13 ఫిబ్రవరి
లైబ్రరీ నుంచి వచ్చేసరికి మంచం కింద సంచి లేదు. గది అంతా పసుపునీళ్లు. బామ్మ తడిజుట్టుతో పీట మీద.
"గోదాట్లో కలిపించానే."
ఏంటి? ఏంటి బామ్మా?
"ఏ తల్లి బిడ్డో... దహనం లేదు, నీళ్లు వదిలినవాళ్లు లేరు. దాని పైన పడుకుని నిద్ర ఎలా పట్టిందే నీకు?"
చిమ్ముతుంటే చీపురు తగిలిందట. బాబాయ్‌ని పిలిచి, పంతులుగారిని మాట్లాడి, రేవుకు పంపింది. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెబుతారుగా, అదే చెప్పారట. పేరు నారాయణ అనుకున్నారట. వేళ్ల ఎముకలు కూడా ఉంచలేదు. బాబాయ్ నా మొహం చూడట్లేదు... "అమ్మ మాట కాదనలేకపోయానమ్మా."
అవి పుస్తకాల్లాంటివి బామ్మా అని అరిచాను. ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. కోపం, ఏడుపు. మధ్యలో నవ్వు కూడా వచ్చింది, పాపిష్టి నవ్వు.

14 ఫిబ్రవరి
ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కు చేశాను. సుజాత అక్క అంది: "మొత్తం? గోదాట్లోనా?" తర్వాత — "క్యూలో వాళ్లకి నేనేం చెప్పనే?"
అన్నం పెడుతూ బామ్మ అడిగింది: "ఇంతకీ ఆడమనిషా, మగమనిషా? పంతులుగారు అడిగితే తెలీక మగ అనేశాం."
తుంటి ఎముక చూస్తే తెలుస్తుంది. గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చు. వారమంతా ఒళ్లో పెట్టుకున్నాను. ఆడో మగో అని ఒక్కసారీ చూడలేదు.

16 ఫిబ్రవరి, కాకినాడ
వైవా. చేతిలో తుంటి ఎముక పెట్టారు. "ఎటువైపుదమ్మా?"
"ఆడమనిషండీ."
"నేనడిగింది అది కాదు." పక్కనున్నాయన నవ్వాడు. తర్వాత ఎడమ అన్నాను. తల ఊపారు. పాసో ఫెయిలో...

18 ఫిబ్రవరి
బామ్మ పక్కింటి ఫోన్ నుంచి చేసింది. వైవా సంగతి అడగలేదు.
"సంచిలో తల లేదేమే?"
పుర్రె పాఠం ఇంకా మొదలుకాలేదు బామ్మా, అందుకే అక్క ఇవ్వలేదు.
"పాఠం సరే. తల లేకుండా ఎక్కడికని వెళ్తుందే ఆ ప్రాణి?"
ఫోన్ పెట్టేశాను.

19 ఫిబ్రవరి
సుజాత అక్క గది. అలమరలో పుర్రె, దానికి అక్క పాత కళ్లద్దాలు.
"ఇది ఆ మనిషిదేనా అక్కా?"
"ఆఁ, ఒకటే సెట్. ఏం, దీన్నీ కలిపేస్తావా ఏంటి?"
అక్క నవ్వలేదు. నేనూ నవ్వలేదు. స్నానానికి వెళ్తూ "దాన్ని ముట్టుకోకు" అంది.
కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు. బాత్రూంలో నీళ్లు ఆగాయి... ఇంకా పట్టుకునే ఉన్నాను.